నేను తాగింది ఏ మందు?

మొన్న శనివారం పొద్దున నేను మందు తాగాను. ఆగండాగండి, ఆ మొహాలేంటి? మీరనుకుంటున్న మందు కాదు. ఆ హాస్పిటల్ వాళ్ళనుకున్న మందు అంతకన్నా కాదు. వాము అర్కు! మా అత్తగారు ఏలూరు నుంచి సీసాలో పోసి పంపిన వాము అర్కు, మూడంటే మూడు మూతలు. దాని పుణ్యాన నాకు పడిన బిల్లు మూడు వేల ఎనిమిది వందలు. ముందు టీ చెప్పండి, మొత్తం చెప్తాను.

ఆరింటికి పళ్ళు తోముకుంటుంటే మొదలయ్యాయండీ ఎక్కిళ్ళు. ఎవరో తలుచుకుంటున్నార్లే అనుకున్నాను. ఏడైంది, ఎనిమిదైంది, ఆ తలుచుకునేవాళ్ళకి వేరే పనున్నట్టు లేదు. మా ఆవిడ సునీత మియాపూర్లో టీచర్ కదా, "ఊపిరి బిగబట్టి ఏడు గుక్కలు నీళ్ళు తాగండి, అదే తగ్గుతుంది" అని స్కూలుకి వెళ్ళిపోయింది. వెళ్ళడం కూడా మూతి ముడుచుకునే వెళ్ళింది. ముందురోజు ఫ్రిజ్ కొనే విషయంలో మా ఇద్దరికీ చిన్న మాటామాటా అయింది లెండి. ఆ ఫ్రిజ్ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఏడు గుక్కలు తాగాను. చెంచాడు పంచదార మింగాను. వాము అర్కు రెండు మూతలు తాగాను, పనిచెయ్యట్లేదని ఇంకో మూత తాగాను. ఊహూఁ! ఇక నాకు గాభరా పట్టుకుంది. మూడింటికి ఆఫీసులో క్లయింట్ కాల్. వై టూ కే ప్రాజెక్ట్, నా ప్రొబేషన్ ఇంకో నెల ఉంది, మొట్టమొదటిసారి నన్ను మాట్లాడమన్నారు. "గుడ్ ఆఫ్టర్నూన్, హిక్" అని మొదలుపెట్టినవాడికి కన్ఫర్మేషన్ లెటర్ ఎవడిస్తాడు చెప్పండి?

పదింటికి మా ఇంటి ఓనర్ యాదగిరి గారు పై వాటా నుంచి దిగొచ్చారు. చందానగర్లో అంత మంచి ఓనర్ ఇంకొకరు లేరు, అది ముందే చెప్పాలి.

"ఏంది సారూ, పొద్దుగాల సంది గిదే సప్పుడు?"

"ఎక్కి... హిక్... ళ్ళండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఉన్నట్టుండి గుడ్లురిమారు. "సారూ! మా నాటుకోడిని మీరే దొంగతనం చేసిండ్రట గద!"

"అయ్యయ్యో, నేను... హిక్... నాకేం తెలీదండీ!"

కోడీ పోలేదు, ఎక్కిళ్ళూ పోలేదు. దొంగతనం అంటగడితేనే తగ్గలేదంటే ఇది మామూలుది కాదని ఆయనకీ భయం పట్టుకుంది. "గిట్ల గాదు, దవాఖానకు పోదాం పట్టుండ్రి" అని స్కూటర్ తీశారు. ఎనిమిదింటికి తాగిన వాము అర్కుతో సహా నేను చేసుకున్న వైద్యాలన్నీ వెనక కూర్చుని ఎక్కిళ్ళ మధ్యే ఆయనకి చెప్పాను. మెయిన్ రోడ్డు మీద కొత్తగా వెలిసింది చూడండి, అద్దాల హాస్పిటల్, లోపలికి చెప్పులతో వెళ్ళాలంటేనే బెరుకుగా ఉంటుంది, అక్కడికి తీసుకెళ్ళారు.

క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే నర్సమ్మతో ఆయన కేకలు. "మేడమ్, జర జల్ది సూడుండ్రి! మా ఇంట్ల కిరాయికుండే సారు. ఎనిమిదింటికి మందు తాగిండు! అప్పటిసంది గిట్లనే కొట్టుకుంటుండు!"

ఆవిడ మొహం మారిపోయింది. "మందా? ఎంత తాగాడు?"

"రెండు మూతలు! పనిచేస్తలేదని ఇంకో మూత గూడ ఏసుకుండు!"

చూశారా? ఆయన అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. కానీ ఆదరాబాదరా ఆస్పత్రికి మోసుకొచ్చి 'మందు తాగిండు' అంటే పురుగులమందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. తెలియనిది మా యాదగిరి గారికొక్కరికే.

నలుగురు నన్నెత్తి స్ట్రెచర్ మీద పడేశారు. "కాదండీ, అది వా... హిక్... వా..." అన్నాను.

"వాంతి వస్తోందట, తొందరగా!" అంది నర్సమ్మ.

ఆ తర్వాత ముక్కులోంచి గొట్టం. ఉప్పునీళ్ళు లోపలికి, నా ఉప్మా బయటికి. వివరాలు వద్దులెండి, టీ తాగుతున్నారు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, బాధపడుతున్నాననుకుని కౌన్సెలింగ్ మేడమ్ చెయ్యి పట్టుకుంది. "జీవితం చాలా విలువైనది ప్రసాద్ గారూ" అని. నాకు తెలుసు కదా తల్లీ, అందుకే కదా వచ్చాను! గంటన్నరయ్యాక గొట్టం తీశారు. ఎక్కిళ్ళు మాత్రం ఎక్కడివక్కడే. వాటి గురించి ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అడగలేదు.

ఈలోగా యాదగిరి గారు స్కూలుకి ఫోన్ చేశారు. సునీత పరిగెత్తుకొచ్చింది. చేతికి సుద్దముక్క పొడి అలాగే ఉంది. గుమ్మంలోనే నర్సమ్మ చెప్పేసింది, మీవారు మందు తాగారని. నన్ను చూడగానే భోరుమంది.

"నాకు ఫ్రిజ్ వద్దండీ! జన్మలో ఫ్రిజ్ అడగను! ఇంతపని చేస్తారా!"

చెప్పబోతే గొంతులోంచి గాలి తప్ప మాట రావట్లేదు. సైగలు చేశాను. ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చింది.

అప్పుడొచ్చింది బిల్లు. పాయిజన్ కేస్ అని పైన పెద్దక్షరాలు. గొట్టానికింత, కడిగినందుకింత, కౌన్సెలింగుకి మూడొందలు. కింద మొత్తం చూసి నాకు ఊపిరాగింది. కౌంటర్లో టై కట్టుకున్న కుర్రాడు చల్లగా అన్నాడు, "పోలీస్ ఇంటిమేషన్ కూడా వెళ్తుంది సర్, రూల్. మీ ఆఫీస్ అడ్రస్ మీ ఓనర్ గారిచ్చారు. ఎంక్వయిరీకి అక్కడికి కూడా రావచ్చు."

ఆఫీసుకి! కానిస్టేబుల్! నా ప్రొబేషన్! డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ పాయిజన్ అన్న మాట కొట్టేయించాలి. ఎలా వచ్చిందో గానీ అప్పుడొచ్చింది గొంతు, బొంగురుగా.

"ఏమయ్యా! నేనొచ్చింది ఎక్కిళ్ళకి! వాటిని మీరు ముట్టుకోనేలేదు! ఈ బిల్లు నేను కట్టను, ఆ మాట తీసేదాకా ఇక్కణ్ణించి కదలను! పిలవండి డాక్టర్ని!"

డాక్టర్ వచ్చాడు. నాకన్నా చిన్నవాడు. అంతా విని, చేతులు కట్టుకుని, "ఎక్కిళ్ళన్నారు కదా. ఏవీ?" అన్నాడు.

అందరం ఎదురుచూశాం. ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు.

లేవు! ఆరుగంటల పాటు నా ప్రాణం తోడేసిన ఎక్కిళ్ళు, బిల్లు చూసిన క్షణంలో మాయమైపోయాయి! నా సాక్ష్యం అదొక్కటే, అదీ పారిపోయింది. ఏం చెయ్యను? "హిక్" అన్నాను.

"ఇంకోసారి" అన్నాడు డాక్టర్.

"హిక్కు."

"గట్ల గాదు సారూ, పొద్దుగాల భుజాలు గూడ ఎగిరినయ్ గద!" అని పక్కనుంచి యాదగిరి గారి ట్రైనింగు. భుజాలు ఎగరేసి మరీ అన్నాను. డాక్టర్ కౌన్సెలింగ్ మేడమ్ వైపు చూశాడు. ఆవిడ మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది.

నన్ను కాపాడింది సునీతే. కళ్ళు తుడుచుకుంటూ దగ్గరకొచ్చి, ఆగి, నా కాలర్ వాసన చూసింది. ఇంకోసారి చూసింది. "ఇది మా అమ్మ వాము అర్కు కదూ!" అంది. మూడో మూత తాగేటప్పుడు ఎక్కిలొచ్చి సగం చొక్కా మీదే పోసుకున్నాను మరి. డాక్టర్ వంగి వాసన చూశాడు. నర్సమ్మ చూసింది. చివరికి టై కుర్రాడు కూడా కౌంటర్ మీదనుంచి ముందుకొంగి చూశాడు.

"ఓర్నీ, గా మందే గద నేను జెప్పింది!" అన్నారు యాదగిరి గారు.

డాక్టర్ పాయిజన్ కొట్టేసి ఎక్కిళ్ళని రాసి సంతకం పెట్టాడు. పోలీసు కాగితం చింపేశారు. మరి బిల్లో అన్నాను. కౌన్సెలింగ్ మూడొందలు తీసేశారు. "కడిగిన మాట నిజమే కదా సర్" అన్నాడు కుర్రాడు.

"ఎక్కిళ్ళకి ఏం చేశారయ్యా మీరు?"

"తగ్గాయి కదా సర్!"

ఫ్రిజ్ కోసం దాచిన డబ్బులు తెచ్చి కట్టేశాం.

మూడింటి కాల్లో ఒక్క ఎక్కిలి రాలేదు. గొట్టం పుణ్యమా అని గొంతూ రాలేదు, మా టీమ్ లీడే మాట్లాడాడు. సునీత మాత్రం ఫ్రిజ్ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ ఈ నాలుగు రోజుల్లో నాకు రెండుసార్లు ఎక్కిళ్ళొచ్చాయి. నీళ్ళివ్వలేదు, పంచదార ఇవ్వలేదు. బీరువా తీసి, ఆ బిల్లు తెచ్చి, నా మొహం ముందు పట్టుకుంది. రెండుసార్లూ టక్కున ఆగిపోయాయి. ఆ హాస్పిటల్ వాళ్ళు నాకిచ్చినవాటిలో పనిచేసిన మందు అదొక్కటే.