చిన్నాయన అడిగిన స్ప్రింగులు

మా చిన్నాయన పోయిన సంగతి మొఘల్‌పురాలో చాలామందికి పాలు రాకపోవడంతోనే తెలిసింది. "ఇయ్యాల బండి రాలేదేంది బేటీ?" అని ఫోన్లు మొదలయ్యాయి. కొట్టం దగ్గరే గుండె ఆగిపోయిందని ఒక్కొక్కరికీ చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. రేపైనా పాలు వస్తాయా అని కొందరు అడిగారు కూడా.

మా బర్రెల కొట్టం బార్కస్ దాటాక, ఊరవతల ఉంటుంది. దారంతా రాళ్ళు, గుంతలు. చిన్నాయన తోలే పికప్ ట్రక్కుకు ముందు చక్రాలు దేనికది విడిగా ఊగేవి. ఆ దారి దెబ్బకు వాటిని పట్టి ఉంచే ఇనుప చేతులు మాటిమాటికీ విరిగేవి. చివరికి అవన్నీ పీకేసి, రెండు చక్రాలకూ కలిపి ఒకే గట్టి ఇరుసు వేయిద్దామని యాకుత్‌పురాలో మెకానిక్ ఉస్తాద్ దగ్గరకు వెళ్ళాం. అన్నదమ్ముల్లో పెద్దవాడైన పెద్దబాపు కూడా వచ్చాడు. మా ఇంట్లో ఆయన ఒక మాట అన్నాక ఇంకొకరు మాట్లాడే ఆనవాయితీ లేదు.

ఇరుసు సరే, దాని మీద ఏం పెట్టాలి? ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించే కమాన్ పట్టీలా, చుట్టలు తిరిగిన కాయిల్ స్ప్రింగులా?

"కమాన్ అయితె జల్దీ అయితది సేట్. బరువు అదే మోస్తది, ఇరుసును అదే పట్టుకుంటది," అన్నాడు ఉస్తాద్. "కాయిల్‌కు ఇరుసును పట్టుకునే రాడ్లు వేరే కట్టాలె, ఛాసిస్‌కు వెల్డింగ్ చెయ్యాలె. బండి మస్తు రోజులు ఈడనే ఉంటది. గని తోలెటోని నడుం బతుకుతది."

చిన్నాయన నేల చూస్తూ, "కాయిలే పెట్టిద్దామా అన్నా? నడుం గుంజుతున్నది," అన్నాడు. ఆయన తన కోసం ఏదైనా అడగగా నేను విన్నది అప్పుడే.

"మరి లోడ్ ఎట్ల ఆపుతది?" అన్నాడు పెద్దబాపు. క్యాన్ల బరువంతా వెనకే పడుతుందని, ముందు కాయిల్ చాలని ఉస్తాద్ నచ్చజెప్పబోయాడు. పెద్దబాపు వినిపించుకోలేదు. "గన్ని రోజులు బండి లేకుంటె పాలెట్ల? కమాన్ వెయ్యి."

చిన్నాయన తల ఊపాడు.

ఆ తర్వాత ఇరుసు విరగలేదు నిజమే. కానీ ప్రతి రాయి దెబ్బా నేరుగా సీటుకే వచ్చేది. చిన్నాయన గోనెసంచి మడిచి వేసుకున్నాడు, కొన్నాళ్ళకు దాని మీద ఇంకోటి. నన్ను కాలేజీ దగ్గర దింపే రోజు మాత్రం ఆ సంచులు తీసి నా వైపు పరిచేవాడు. బండి తీసే ముందు, కాస్తయినా మెత్తగా ఊగుతాయని, వంగి కమాన్ పట్టీల మధ్య పాత ఇంజనాయిల్ పోసేవాడు. లేవడానికి బంపర్ పట్టుకోవాల్సి వచ్చేది.

సాయంత్రం నేను ఉప్పు వేయించి, మూట కట్టి నడుముకు కాపడం పెడుతుంటే నవ్వేవాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. కమాన్ పుణ్యాన ఇంటికొచ్చేసరికి క్యాన్ మూతకు వెన్న అంటుతున్నది. చిలికే పని తప్పింది గద." నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతోంది.

దినాలప్పుడు పెద్దబాపు వచ్చినవాళ్ళందరికీ చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. "మా తమ్ముడు ఏనాడు నోరు తెరిచి ఇది గావాలె అనలె." ఉస్తాద్ అక్కడే కూర్చుని ఉన్నాడు. నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

ఇక బండి పెద్దబాపు కొడుకు తోలాలి. వాడు నాలుగు రోజులు తిరిగి నడుం పట్టుకుని కూర్చున్నాడు. మర్నాడే బండి యాకుత్‌పురా చేరింది. కమాన్లు తీసి కాయిల్ వేయమని పెద్దబాపే చెప్పాడు. ఎన్ని రోజులైనా ఫరవాలేదట, అందాకా పాలు ఆటోలో వస్తాయట.

"చిన్నాయనకు నడుం లేకుండెనా పెద్దబాపూ?" అన్నాను. మా ఇంట్లో ఎవరూ ఆయనను అలా అడిగి ఉండరు.

ఆయనకు కోపం కూడా రాలేదు. "వాడు ఓర్చుకునెటోడు బిడ్డా," అన్నాడు, తమ్ముణ్ణి మెచ్చుకుంటున్నట్టే.

నిన్న ఉస్తాద్ షెడ్డుకు వెళ్ళాను. విప్పేసిన కమాన్లు గోడకు ఆనించి ఉన్నాయి. నేల మరకలు పడకుండా కింద చిన్నాయన గోనెసంచులు పరిచారు. ఆయన పోసిన నూనె పట్టీల సందుల్లోంచి ఇంకా ఆ సంచుల మీదికి కారుతోంది.