కరెంటు వచ్చాక దానంతటదే

ఈ మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయి తిరిగి వచ్చింది. మంచం పక్కన గోడకు బిగించిన చిన్న బోర్డు మీద ఆకుపచ్చ దీపం కాసేపు మిణుకుమని, తరవాత నిలకడగా వెలిగింది. దాన్ని విప్పేయమని మా అమ్మాయి చెబుతూనే ఉంది గాని నాకు చేతులు రాలేదు. ఎందుకో నా వయసువాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు.

నా భార్యకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిన రోజుల్లో నేనింకా గార్డెన్ రీచ్ రేవు దగ్గరి ఇనుప సామాను గోడౌనుకు వెళ్తుండేవాణ్ణి. మానేస్తే ఇల్లు గడవదు, వెళ్తే పగలంతా ఆమె ఒక్కతే ఉండాలి. అప్పుడు ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన మా బావమరిది, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు లాంటి లినక్స్ బోర్డొకటి తెచ్చి, ఆమె ఎడమచేతికి అందేలా ఒక బటన్ అమర్చాడు. అది నొక్కితే ఇంటర్నెట్ ద్వారా నా ఫోను మోగుతుంది. కరెంటు పోయి వచ్చినా, ఎవరూ ముట్టుకోకుండానే ఆ ఫోను మోగించే ప్రోగ్రాము మొదలయ్యేలా చేశాడు. బోర్డు ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టి, ఇద్దరం పదే పదే చూసుకున్నాం. ప్రతిసారీ మోగింది. నిశ్చింతగా పనికి వెళ్ళాను.

ఆ ఏడు కాలవైశాఖి గాలివానకు పేటంతా కరెంటు పోయింది. వచ్చిన కాసేపటికి ఆమె మంచం అంచుకు జారిపోయి బటన్ నొక్కింది. నా ఫోను మోగలేదు. స్టీలు గ్లాసుతో మంచం పట్టెను కొడుతూనే ఉంటే మేము బౌది అని పిలిచే ఎదురింటి బెంగాలీ వదిన విని, మేము ఆవిడ దగ్గర ఉంచిన తాళంచెవితో తలుపు తీసి, సరిగా పడుకోబెట్టింది. నేను వచ్చేసరికి ఇద్దరూ టీ తాగుతున్నారు. సంగతి విన్నాక గుమ్మంలోంచే బావమరిదికి ఫోను చేశాను.

మరునాడు బావమరిది కారణం కనిపెట్టాడు. మేము పరీక్షించినప్పుడు ఆపింది బోర్డునొక్కదాన్నే. వైఫై పెట్టె వెలుగుతూనే ఉంది. గాలివానలో రెండూ ఆరిపోయాయి. బోర్డు ముందు లేచింది, వైఫై పెట్టె నిదానంగా లేచింది. ఈలోగా ప్రోగ్రాము ఒక్కసారి ఇంటర్నెట్ కోసం వెతికి, దొరకక ఆగిపోయింది.

"మా అప్పలాగే దీనికీ తొందరెక్కువ బావా. పిలిచీసి, ఎవులూ పలకలేదని అలిగి కూకుంది" అన్నాడు. అప్పగారు ఎడమచేత్తో తమ్ముడి వీపు మీద ఒకటి వేసింది.

ఇంటర్నెట్ వచ్చేదాకా ఎదురుచూసేలా, ఏ కారణంగా ఆగిపోయినా మళ్ళీ తనే మొదలయ్యేలా మార్చాడు. ఈసారి ఇంటి మెయిన్ స్విచ్చే ఆపి, మళ్ళీ వేశాం. వైఫై పెట్టె లేచేదాకా ముగ్గురం దాని దీపాలకేసి చూస్తూ కూర్చున్నాం. ఆమె నొక్కింది. ఫోను మోగింది.

తరవాతి గాలివాన నాడు గోడౌనులో ఉండగా మళ్ళీ మోగింది. ఆటో పట్టుకుని వచ్చి చూస్తే, దిండుకు ఆనుకుని హాయిగా ఉంది.

"ఏటి, పరిగెత్తుకొచ్చీసినావా? కరెంటొచ్చింది గదా, పలుకుతాదో లేదోనని నొక్కినాను."

కోప్పడబోయి నవ్వేశాను.

మా నాన్న రేవులో పనిచేసిన రోజుల్లో మా వరస ఇళ్ళలో గోడ తడితే చాలు, నాలుగు తలుపులు తెరుచుకునేవి. ఇప్పుడు బౌది కూడా ఇల్లు మారిపోయింది. ఎదుటి తలుపు వెనక ఎవరున్నారో నాకు తెలియదు. మనుషులు చేసే పనిని బోర్డుకు అప్పగించామని బాధపడే వయసే నాది. అయినా అది ఉండబట్టే గోడౌనులో మధ్యాహ్నంపూట భయం లేకుండా అన్నం తినగలిగాను. ఆఖరి రోజున ఆమెకు నన్ను పిలవాల్సిన పని పడలేదు. ఆ వారం సెలవు పెట్టి పక్కనే ఉన్నాను.