చిలుకకు కాపలా

కైలాసం మామ ఏ వస్తువునైనా ముందు తిరగేసి చూస్తాడు. పెళ్లిపత్రిక ఇస్తే వెనకవైపు చూసి ఆశీర్వదిస్తాడు. ఒకసారి హనుమకొండ దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే చూపిస్తుంటే, "సారూ, జర ఎన్క దిక్కు సూపెట్టు" అన్నాడు. పాపం, ఆ డాక్టరు తిప్పి చూపించాడు కూడా.

యాభై ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్న మనిషి. రెండు వైపులా ఒకేలా ఉంటేనే అది జంపఖానా అంటాడు. మనుషుల్ని తిరగేయడం కుదరదు కాబట్టి వాళ్ల చుట్టూ ఒకసారి తిరిగొస్తాడు.

మాది ఆయన పక్కిల్లే. మా మహితకు తొమ్మిదేళ్లు. నా పాత ఫోనులో దానికో ఆట ఉంది, ఆటలో ఓ చిలుక. ఆట ఆపబోతే చిలుక కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. కింద అరచేయంత పచ్చ బటన్: 'ఉంటాను'. ఆ కింద చీమల్లాంటి బూడిదరంగు అక్షరాలు: 'నువ్వు ఏడ్చినా పోతాను'. అవి నొక్కడానికి మహితకు చేతులు రావు. ఏడాదంతా కలవరించిన డోర్నకల్ అమ్మమ్మ ఇంటికి కూడా రానని కూర్చుంది. నాకైతే చిలుకకంటే ముందే ఏడుపొచ్చింది.

"అది బొమ్మనే!" అన్నాను.

"తెల్సు మమ్మీ. కని ఏడుస్తది గదా!"

చెయ్యి పట్టుకుని మామ దగ్గరికి తీసుకెళ్లాను. వాకిట్లో ఆరేసిన రంగునూలు మీంచి ఎండ ఎర్రగా, నీలంగా జారుతోంది. మగ్గం చప్పుడుకు వాడంతా కునుకు తీస్తోంది. విషయమంతా విని మామ ఫోను తిరగేశాడు.

"ఎన్క ఏం లేదు బిడ్డా."

"చిలుక ముందు దిక్కున ఉంటది తాతా!"

"అన్నం తిన్నవా అని అడుగుతదా?"

"అడగదు. ఇంకో ఆట ఆడుమంటది."

మహిత వేలు బూడిదరంగు అక్షరాల దాకా వెళ్లింది. అయినా నొక్కలేదు.

"సరే, ఫోను నాకిచ్చి నువ్వు ఊరికి పో," అన్నాడు మామ. " ఏడ్వకుండ నేను చూస్కుంట. ఫికర్ చెయ్యకు."

నాలుగు రోజుల తర్వాత రైలు దిగి మహిత నేరుగా మగ్గం దగ్గరికే పరుగెత్తింది. మామ ఫోను ఒళ్లో పెట్టుకుని, ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"తాతా, తిన్నవా?"

"యాడ తింట బిడ్డా? లేద్దామంటే ఇది ఏడుస్తాంది."

"తిన్నవా అని అడిగిందా?"

"అడగలే. ఇంకో ఆట ఆడుమన్నది."

మహిత చిలుక వంక చాలాసేపు చూసింది. ఎన్నిసార్లు చూసినా అవే రెండు కన్నీటి చుక్కలు, అదే చోట జారుతున్నాయి.

"దొంగ చిలుక!" అని బూడిదరంగు అక్షరాల మీద వేలు నొక్కింది. ఫోను బోర్లించి, "లే తాతా, నీకు అన్నం పెట్టిస్త" అంటూ ఆయన భార్య రాజవ్వను పిలుస్తూ లోపలికి పరుగెత్తింది.

మగ్గం పక్కన టిఫిన్ డబ్బా ఉంది. ఆయన అలవాటు నాకూ అంటుకున్నట్టుంది, మూత తీసి తిరగేశాను. రెండు మెతుకులు రాలాయి.

"మామా! మీరు తిన్నరు!"

"ఉష్! ఒర్లకు యమునా," అన్నాడు మామ లుంగీ సర్దుకుంటూ. "పిల్ల నాకోసమని నొక్కింది. ఇప్పుడు నేను మల్ల తినాలె."

ఆ ముసలాయన మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. లోపల మహిత ఆయన కంచంలో మూడో గరిటె అన్నం పెట్టిస్తోంది.