మిగతా ఇళ్లకు రాని కల

రాప్తాడు దాటి లోపలికి పోతే వచ్చే ఆ పల్లెలో పాస్టర్ యేసన్నను ఎరగనివాళ్లు లేరు. పెళ్లికైనా చావుకైనా, ఎవరు పిలిచినా పాత స్కూటర్ వేసుకుని ముందు వచ్చేది ఆయనే. మాటకారి. చావింట్లో కూడా ఆయన కాసేపు మాట్లాడితే జనానికి గుండె తేలికపడేది. అలాంటి మనిషికి ఆ డిసెంబరులో క్రిస్మస్ ప్రసంగం కుదరడం లేదు. కాగితం మీద ‘సంతోషం’ అని రాస్తాడు, లేస్తాడు, వసారాలో అటూ ఇటూ తిరుగుతాడు, మళ్లీ వచ్చి కూర్చుంటాడు.

“కాలుగాలిన పిల్లి మాదిరి ఏమిటికి తిరుగుతాండారు? ఏటా చెప్పేదే గదా,” అంది భార్య సునంద.

ఏటా చెప్పేదే. ఈ ఏడు మాత్రం నోరు రావడం లేదు.

ఆ ఏటి వానాకాలం సగం గడిచినా చినుకు లేదు. చెనక్కాయ పైరు మాడిపోతుంటే యేసన్న సంఘాన్నంతా కూడగట్టి ఉపవాస ప్రార్థన పెట్టాడు. వాన వచ్చింది. చేలల్లో తవ్వించిన నీటి గుంతలన్నీ నిండిపోయాయి. దేవుడు మన మొర విన్నాడని ఆదివారం ఆయన మైకు పట్టుకుని పొంగిపోతూ చెప్పాడు. ఆ మధ్యాహ్నమే కదిరమ్మ కూతురు నిఖిత, మూడో తరగతి పిల్ల, నీళ్లు చూద్దామని పోయి తమ చేనిలోని గుంతలోనే జారిపడింది. పిల్ల దక్కలేదు.

సమాధి దగ్గర ప్రార్థన చేసింది యేసన్నే. ఏం మాట్లాడాడో ఆయనకే గుర్తులేదు. ఆ తర్వాత కదిరమ్మ చర్చికి రాలేదు. ఈయనా ఆ ఇంటివైపు పోలేదు.

పండగకు ముందు ఒక సాయంత్రం పాటల బృందం ఇల్లిల్లూ తిరిగింది. కదిరమ్మ ఇంటి ముందుకు రాగానే డప్పు ఆగిపోయింది. ఆపమని ఎవరూ అనలేదు. అందరూ తలలు దించుకుని ఆ గడప దాటి, పక్కింటి ముందు మళ్లీ పాట ఎత్తుకున్నారు. వాళ్లతో పాటు యేసన్నా దాటిపోయాడు.

తెల్లవారి ఆయన ఒక్కడే ఆ ఇంటికి వెళ్లాడు. కదిరమ్మ గడపలో కూర్చుని విత్తనానికి చెనక్కాయలు వలుస్తోంది.

“కూర్చోండయ్యా. కాఫీకి పాలు లేవు.”

“ఏమొద్దులేమ్మా.”

ఆమె చేతిలో కాయలు చిట్లుతూనే ఉన్నాయి. చివరికి ఆమే అంది. “ఒకటి అడుగుతా, కోపం చేసుకోవద్దండి. దేవుడు పుట్టిన ఊర్లో రాజు పసిబిడ్డల్ని చంపిస్తాడు, బిడ్డనెత్తుకొని లేసి పొమ్మని యోసేపుకి కలలో చెప్పినారంట గదా?”

“అవునమ్మా.”

“ఆ ఊర్లో మిగతా ఇండ్లు గూడా ఉండాయి గదా. వాళ్లకెందుకు రాలేదు కల?”

ఇన్నేళ్లుగా ఆయన గొర్రెల కాపరుల గురించి చెప్పాడు, జ్ఞానుల గురించి చెప్పాడు. రాజు చంపించిన ఆ పసిబిడ్డల తల్లుల దగ్గరికి వచ్చేసరికి, పండగ పూట బాగుండదని దాటేసేవాడు. దేవుని చిత్తం, ఓర్పు, పరలోకం అని ఏవేవో నోటిదాకా వచ్చాయి. అన్నీ ఊళ్లో చావింట్లలో చెప్పినవే.

“నాకు తెలీదు కదిరమ్మా.”

ఆమె తలెత్తి చూసింది. “మీకే తెలీకపోతే నేను యాడ పోయి అడగాల?”

తిట్టినా బాగుండేది అనుకున్నాడు యేసన్న.

ప్రసంగంలో ఆ తల్లుల గురించే చెబుతానని సంఘ పెద్ద దివాకర్‌తో అంటే అతను చిరాకుపడ్డాడు. “పండగ పూట చావు మాటలేందన్నా? కేకు కోసేదానికి మండలంలో పెద్దాయన్ని పిలిచినాం. సంతోషంగా నాలుగు మాటలు చెప్పి ముగించు.”

క్రిస్మస్ పొద్దున యేసన్న కాగితం లేకుండానే నిలబడ్డాడు.

“ఆ ఊర్లో ఒక్క బిడ్డ తప్పించుకున్నాడు. మిగతా తల్లులు ఏడ్చినారు. వాళ్లని ఎవరూ ఊరడించలేకపోయినారు. దేవుడు పుట్టింది ఏడుపు లేని ఊర్లో కాదు. తప్పించుకున్న ఆ బిడ్డ పెద్దయినాక, తప్పించుకోకుండా నిలబడి సిలువ మీద చనిపోయినాడు. నాకు తెలిసింది అంతవరకే. మిగతా ఇండ్లకి కల ఎందుకు రాలేదో తెలీదు. వాన వచ్చిందని ఈ మైకులో చెప్పినా. మన నిఖిత పేరు మాత్రం ఇందులో ఒక్కసారీ పలకలేదు.”

ఆడవాళ్ల వైపు నుంచి ముసలి ఓబులమ్మ ఉన్నట్టుండి గొల్లుమంది. ఎప్పుడో ఒక కరువు ఏడాదిలో పోయిన తన పసిగుడ్డుకి పేరైనా పెట్టుకోలేదని, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట పైకే చెప్పి ఏడ్చింది. వచ్చిన పెద్దాయన గబగబా కేకు కోసి వెళ్లిపోయాడు. “పండగంతా చెడగొట్టినావు,” అన్నాడు దివాకర్, మొహం చూడకుండా.

మధ్యాహ్నం సునంద కట్టిచ్చిన పలావు తీసుకుని యేసన్న కదిరమ్మ ఇంటికి పోయాడు.

“మైకులో వినపడినాది,” అంది ఆమె. “జవాబైతే చెప్పలేదు.”

“నా దగ్గర లేదమ్మా.”

“సరే. ఆ గుంత ఇంగా అట్లనే ఉండాది. పిల్లోళ్లు ఆడనే ఆడుకుంటాండారు, నేను పోయి తరుముతాండా. దాని చుట్టూ కంచె వేయించండి. ప్రార్థన తర్వాత చేద్దురు.”

మరునాడు యేసన్న పంచె ఎగగట్టి గడ్డపార పట్టాడు. సంఘంలో కొందరే వచ్చారు. దివాకర్ రాలేదు గానీ, ఒక్క మాటా చెప్పకుండా కంచెకు రాతి కూసాలు వేసుకుని అతని ట్రాక్టర్ వచ్చింది. కూసాలు పాతి, ముళ్లతీగ బిగించేసరికి పొద్దు వాలింది. కదిరమ్మ వచ్చి చుట్టూ నడిచి, తీగను ఒకచోట పట్టి లాగి చూసింది.

“ప్రార్థన చేద్దామా?” అని మెల్లగా అడిగాడు యేసన్న.

ఆమె ఆయన వైపు చూడలేదు. గట్టు అవతల, ఇంకొకరి చేనిలో, కంచె లేని గుంతలో నీళ్లు మెరుస్తున్నాయి.

“ఆ పక్క గుంత ఎవురిదయ్యా?” అంది.