రెండు బండల దూరం

పోలీస్ యాక్షన్ అయిన నాలుగేళ్లకు, ఇరవై ఏళ్ల వయసులో, నేను ఆదివారాలు నాంపల్లిలోని ఒక ముసలివాళ్ల ఆశ్రమానికి వెళ్లేదాన్ని. చూపు తగ్గినవాళ్లకు పేపరు చదివి పెట్టడం నా పని. ఆబిడ్స్‌లో మా ఇంటి నుంచి నడిచి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు ఒంటరిగా నడవడానికి మా అమ్మను ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. "ఏదన్న చిన్న మాట వినబడ్డా ఆ రోజే బంద్" అని ఆమె షరతు.

మగవాళ్ల హాల్లో ఒక ఆయమ్మ పనిచేసేది. నల్గొండ దిక్కు పల్లెటూరి మనిషి, నలభై దాటి ఉంటాయి. మొదటి రోజే నా స్టూలు తెచ్చి మంచానికి, నేల మీద పరిచిన షాబాదు బండలు రెండు దాటి, అవతల వేసింది.

"గీడ కూసోని చదువు బిడ్డా. స్టూలు జరపకు."

ఎందుకని అడిగితే "జరపకు" అని మళ్లీ అంది, అంతే. నాకు ఒళ్లు మండింది. పెద్దవాళ్ల ముందు అంటరానివాళ్లలా అంత ఎడంగా కూర్చోవడం ఏం మర్యాద?

మూల మంచం పెద్దాయన ఏదో సర్కారీ దఫ్తరులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కళ్లకు పొరలు. మాట మాత్రం తేనె. "తల్లీ" అనకుండా నన్ను పిలిచేవాడు కాడు. వినబడటం లేదని ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటే జాలేసి, మూడో ఆదివారం ఆయమ్మ అటు వెళ్లగానే స్టూలు మంచానికి ఆనించి కూర్చున్నాను.

రెండో పేజీలో ఉండగా ఆయన చెయ్యి నా మోకాలి మీదికి వచ్చింది. చూపు లేని మనిషి, పొరపాటేమో అనుకుని కాలు జరుపుకున్నాను. చెయ్యి కూడా జరిగింది. ఆయన మొహం మటుకు వార్త వింటున్నట్టే ఉంది. ఏం చెయ్యాలో తోచక ఆ వార్త చివరిదాకా చదివేశాను. ఇవాళ్టికీ నా మీద నాకు కోపం అందుకే.

తర్వాతి ఆదివారం ఇంట్లో తలనొప్పి అన్నాను. ఆ పై వారమూ అదే. నిజం చెబితే అమ్మ పోనివ్వదు. చెప్పకుండా వెళ్లాలంటే నాకు భయం. ఎటు చూసినా నా ఆదివారం పోయినట్టే. పైగా తప్పు నాదే అనిపించేది, స్టూలు జరిపింది నేనే కదా.

ఆ తర్వాతి వారం, ఇక మానేస్తున్నానని చెప్పి రావడానికి వెళ్లాను. కొంగు భుజాల చుట్టూ చుట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నన్ను ఆయమ్మ ఎగాదిగా చూసింది.

"స్టూలు జరిపినవా?"

తలూపాను. ఏడుపొచ్చింది.

"నువ్వు స్టూలు జరిపినవ్, గంతే. చెయ్యి జరిపింది ఆయన. కొంగెందుకు గట్ల చుట్టుకున్నవ్? చెప్తె చదివెటందుకొచ్చే మీ ఆడపిల్లలు భయపడి రారని ముందుగాల చెప్పలే. అది నా తప్పు."

నా చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్లింది. మూల మంచం ముందు నిలబడి, గంజి చల్లారుతోందని చెప్పే గొంతుతోనే అంది: "సాబ్, మీ చేతులు మీ దుప్పటి మీదనే ఉండాలె. మల్ల గిట్లయితే పేపర్ బంద్." అరవలేదు, తిట్టలేదు, గుసగుసలాడలేదు. హాలంతా వింది. అలాంటి మాట ఒక ఆడమనిషి మామూలు గొంతుతో అనగా వినడం నాకదే మొదలు. ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది.

రెండు బండల అవతల కూర్చున్నాను. కాసేపటికి పెద్దాయన "జర దగ్గరికి జరుగు తల్లీ, వినబడ్తలేదు" అన్నాడు.

"జరగను తాతా. గట్టిగ చదువుత."

పేపరు పైకెత్తి పట్టుకున్నాను. పక్క మంచం ముసలాయన "గట్టిగనే చదువమ్మా, మాకు గూడ వినబడ్తది" అన్నాడు. ఆ రోజు అందరూ పేపరు విన్నారు.

వెళ్లే ముందు, నల్లా దగ్గర బకెట్ నింపుతున్న ఆయమ్మతో "నీ రెండు బండల ఉపాయం భలేగుంది" అన్నాను.

ఆమె నవ్వింది. "మీకైతె నడుస్తది బిడ్డా. నేను ఆయనకు స్నానం చేపియ్యాలె. రెండు బండల అవతలికెల్లి నీళ్లెట్ల పోస్త?"

నాకు నవ్వు రాలేదు. వారానికొక గంట వచ్చిపోయే మాకోసం దూరం కొలిచి పెట్టిన మనిషి, తను మాత్రం రోజూ ఆ చేతికి అందేంత దగ్గరలో పనిచేస్తోంది. "ఇన్నేళ్లసంది ఒక్కదానివేనా?" అని అడిగాను.

"ఔ" అంటూ బకెట్ ఎత్తుకుని వెళ్లింది.

ఇంటికెళ్లి అమ్మకు అంతా చెప్పాను, ఆయమ్మలాగే, మామూలు గొంతుతో. అమ్మ ఒకటికి రెండుసార్లు ఆయమ్మ గురించే అడిగింది. చివరికి "ఆమె ఉన్నన్ని రోజులు పో" అంది.

తర్వాతి ఆదివారం నుంచి, పెద్దాయన స్నానం వేళకు నా స్టూలు స్నానాల గది గుమ్మం పక్కకు మారింది. తలుపు ఓరగా తీసి ఉంచి, నేను హాలంతా వినబడేలా పేపరు చదివేదాన్ని. లోపల ఆయమ్మ "సాబ్, చెయ్యి" అనగానే ఆపేసేదాన్ని. మంచాల మీది ముసలివాళ్లంతా ఒక్కసారిగా "చెయ్యి తియ్యుండ్రి సాబ్, ఖబర్ ఆగింది!" అని కేకలేసేవాళ్లు. తలుపు వెనక నుంచి ఆయమ్మ నవ్వు వినబడేది.