పుస్తకానికి పేరు అడగడానికి వచ్చినవాడు

మా ఊరి పోరాటం మీద పుస్తకం అచ్చువేసిన పెద్దమనిషి, పోలీసు చర్య తరువాత ఊరికి వచ్చాడు. అట్ట మీద తుపాకి అనే మాట ఉందని మిలిటరీవాళ్లు ఆ పుస్తకాలు కనబడినచోటల్లా కాలబెడుతున్నారట. కొత్త అట్ట వేయిస్తాను, మెత్తటి పేరు మీరే చెప్పండని జనాన్ని చావడి దగ్గర కూర్చోబెట్టాడు.

నేను రెండో తరగతిలోనే బడి మానినదాన్ని. అయినా ఒక పుస్తకం తీసుకుని కూడబలుక్కుంటూ చదివాను. సంఘంవాళ్లకు మా నాయిన అన్నం పెట్టాడని, పేరు, ఇంటి గుర్తులతో సహా రాశాడు. సంఘంవాళ్లకు అన్నం పెట్టినవాళ్లను మిలిటరీ పట్టుకుపోతున్న రోజులవి.

"ముందు మా నాయిన పేరు కొట్టెయ్యి" అన్నాను.

"లోపల అచ్చయిపోయింది గదా బిడ్డా. అట్ట ఒక్కటే మారుతది."

పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో, తరువాత పుట్టిన బిడ్డను చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, చావు కన్ను పడకుండా పెంటయ్య అని పిలిచేవాళ్లు మా దిక్కు. మా మేనత్త లేచి, "నీ పుస్తకానికి గదే పేరు పెట్టుకో అయ్యా, బతుకుతది. మరి మా తమ్మున్ని ఏ పేరు పెట్టి దాచుకోవాలె?" అంది.

అతని సంచి గుంజుకుని, ప్రతి పుస్తకంలోనూ నాయిన పేరున్న కాగితం చింపాము. వాటిని నేను పారేయనివ్వలేదు, వాటితోనే పొయ్యి అంటించుకున్నాను.

"బయట ఎన్ని అమ్మినవ్?" అని మేనత్త అడిగితే, "ఇవి తప్ప అన్నీ" అన్నాడు. నాయిన అప్పటికప్పుడే సద్ది కట్టుకుని, తలదాచుకోవడానికి మర్రిగూడ దిక్కు వెళ్లిపోయాడు.