పంటు మీద న్యూట్రల్ పాఠం

పోయిన ఆదివారం నేను ఒక కారుని గోదాట్లో కలపబోయేను. సొంత కారైతే మా ఇంటి నష్టమే కదా అని ఊరుకుందురు. ఇంకా కొనని కారు! షోరూమ్ వాళ్ళు టెస్ట్ డ్రైవ్‌కి ఇచ్చిన బండి. ఇలాంటివి మనం చెప్పకపోతే పక్కవాళ్ళు ఇంకో నాలుగు కలిపి చెబుతారు. అందుకని జరిగింది జరిగినట్టు, వరసలో, నేనే చెబుతాను.

మాది మలికిపురం. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యేను. మా అమ్మాయి ఇంట్లోనే ఉంటున్నాను. మనవరాలు హారికకి నరసాపురంలో కాలేజీ ఉద్యోగం. రోజూ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదారి దాటాలి. పంటు చూడనివాళ్ళు ఒక పెద్ద అరుగు నీళ్ళమీద తేలుతున్నట్టు ఊహించుకోండి. మనుషులు, మోటారు సైకిళ్ళు, కార్లు, చేపల బుట్టలు అన్నీ దాని మీదే. రెండేళ్ళు స్కూటీ మీద వానల్లో తడిసింది పిల్ల. ఇంక కారు కొనుక్కుంటానంది. కొనుక్కోమన్నాం.

అక్కడిదాకా బాగానే ఉంది. గొడవంతా ఇంజను దగ్గర వచ్చింది.

అది ముచ్చటపడ్డది ఒక ఎర్రటి స్పోర్టీ కారు. అందులోనే రెండు రకాలున్నాయి. మామూలు పెట్రోలు ఇంజను, దానికి ఆటోమేటిక్ గేర్లు. లేదా చిన్న టర్బో ఇంజను, దానికి చేత్తో వేసుకునే ఆరు గేర్లు. మా అల్లుడు ప్రసాదు కొబ్బరికాయల వ్యాపారం చేస్తాడు, లారీలు కూడా నడిపినవాడు. ఆయన ఆటోమేటిక్ అన్నాడు. హారిక టర్బో అంది, గేర్లు నేనే వేసుకుంటానంది. వారం రోజులు ఆ ఇద్దరూ అన్నం దగ్గర కూడా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. చివరికి తగువు నా దగ్గరికి వచ్చింది.

నాకు కారు నడపడం రాదు. కానీ గేర్ల పాఠం ముప్పయ్యేళ్ళు చెప్పేను. గేర్ల సైకిలు బోర్లా పెట్టి, పెద్ద చక్రం చిన్న చక్రం తిప్పి చూపించేదాన్ని. టర్బో సంగతి కొత్తగా చదువుకుని మరీ చెప్పేను. ఇంజను బయటికి వదిలేసే పొగతోనే ఒక చిన్న ఫ్యాను తిప్పుతారు. ఆ ఫ్యాను ఇంజనుకి ఇంకాస్త గాలి మింగిస్తుంది. అందుకే చిన్న ఇంజనైనా పెద్దదానిలా లాగుతుంది. అయితే పొగ జోరుగా రావాలంటే ఇంజను ముందు గట్టిగా తిరగాలి కదా. అందాకా కాస్త కునుకు తీస్తుంది, తర్వాత ఒక్కసారి లేచి పరిగెడుతుంది.

“ఆ కునుకే నా భయం అత్తయ్యగారూ,” అన్నాడు ప్రసాదు. “తడి రేవు, ఏటవాలు, వెనకాల గోదారి. అక్కడ క్లచ్ వదలడంలో కాస్త తేడా వచ్చిందంటే ఏంటి సంగతి?”

మాట న్యాయమైనదే. అయినా నేను హారిక వైపే మొగ్గేను. కునుకు ఎప్పుడు తీస్తుందో తెలిసినవాళ్ళకి దాన్ని లేపడం కూడా తెలుస్తుందన్నాను. ఆయన ఒక షరతు పెట్టేడు. టర్బో బండి పంటు మీదకి ఎక్కించి, అటు నరసాపురంలో దింపి, మళ్ళీ ఇటు తెచ్చి ఒడ్డెక్కించాలి. ఒక్కసారి ఇంజను ఆగిపోయినా ఆటోమేటిక్కే. తను ఒడ్డునే ఉండి చూస్తానన్నాడు. పక్క సీట్లో సాక్షిగా నేను.

ఆదివారం పొద్దున్నే అమలాపురం నుంచి సూరిబాబు అనే సేల్స్ అబ్బాయి బండి తెచ్చేడు. మహా మర్యాదస్తుడు. ప్రసాదు ఆటోమేటిక్ మంచిదంటే “ఆయ్” అన్నాడు. హారిక మాన్యువలే మంచిదంటే “ఆయ్, అంతేనండి” అన్నాడు. రేవు సంగతి చెప్పేసరికి మాత్రం వెనక సీట్లో కూర్చుని బొట్టు సరిచేసుకున్నాడు.

పోయేటప్పుడు దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. హారిక పెదవి కొరుక్కుంటూ ఎక్కించింది, అటు ఒడ్డున దింపింది. తిరుగు ప్రయాణంలో మాత్రం పంటు అప్పటికే నిండింది. అందరికన్నా ఆఖర్న మాకు చోటిచ్చేరు. అంటే మా ముందంతా మోటారు సైకిళ్ళు. మా వెనక ఒక గొలుసు, గొలుసు వెనక గోదారి.

సఖినేటిపల్లి ఒడ్డు దగ్గరపడింది. ప్రసాదు కనిపిస్తున్నాడు, చేతులు కట్టుకుని. స్పోర్టీ కారంటే పొట్ట నేలకి దగ్గరగా ఉంటుంది కదా, దిగే దగ్గర ఒడ్డుకి వేసే బల్లకి తగులుతుందేమో చూసొస్తానని హారిక దిగింది. బంపరు గురించి బెంగపడి సూరిబాబూ దిగేడు. ఇంజను ఆపి, ఫస్టు గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ కొంచెం లాగి వెళ్ళింది. గేరులో ఉన్న బండి కదలదు. అందాకా ఆ పిల్ల తప్పేమీ లేదు.

అప్పుడు కిటికీ దగ్గరికి సత్తెమ్మ వచ్చింది. అంతర్వేది నుంచి చేపలు తెచ్చి నరసాపురంలో అమ్ముకుని వెళ్ళే మనిషి. ఖాళీ సిల్వరు బేసిను చంకలో ఉంది. “టీచరుగారూ, ఆ మధ్యలో కర్రెందుకండీ? మావోడి ఆటోలో అలాటిది లేదు,” అంది.

ఒక మనిషి వచ్చి సందేహం అడిగితే చెప్పకుండా ఉండడం నా వల్ల కాదు. ఇది గేరు కర్ర సత్తెమ్మా, ఇంజను బలాన్ని చక్రాలకి ఎంతెంత పంపాలో ఇది చెబుతుంది అన్నాను. అర్థం కానట్టు చూసింది. మాటలతో కాకపోతే చేసి చూపించాలి కదా. “ఇదిగో, ఇప్పుడు ఒకటో గేరు. ఇలా మధ్యకి లాగితే న్యూట్రల్. అంటే ఇప్పుడు ఇంజనుకీ చక్రాలకీ ఏ సంబంధమూ లేదు,” అని కర్ర లాగేను.

నిజమే. ఏ సంబంధమూ లేదు.

సరిగ్గా అప్పుడే పంటు ఒడ్డుకి తగిలింది. ముందున్న మోటారు సైకిళ్ళన్నీ బిలబిలా దిగిపోయేయి. బరువు దిగిన వైపు పైకి లేస్తుంది, బరువున్న వైపు కిందకి దిగుతుంది. ఇది ఆరో తరగతి పాఠం. బరువున్న వైపు ఉన్నది మేమే. కారు నెమ్మదిగా వెనక్కి జరగడం మొదలెట్టింది.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. హ్యాండ్‌బ్రేక్ పైకి లాగాలి. పట్టుకున్నాను కూడా. కానీ పొద్దుట్నించీ హారిక దాని చివర బొత్తం నొక్కడం చూస్తున్నాను కదా, నేనూ ముందు ఆ బొత్తం నొక్కేను. అది బ్రేకు వదిలించే బొత్తమట. ఉన్న కాస్త పట్టూ పోయి, మీట చప్పున కిందకి పడిపోయింది. కారు ఇప్పుడు మొహమాటం లేకుండా వెనక్కి నడిచింది. అద్దంలో గొలుసు కనిపించింది, తర్వాత గొలుసు కనిపించలేదు. ఉత్తి నీళ్ళు. నోరు తెరిచేను, ముప్పయ్యేళ్ళు క్లాసు చివరిదాకా వినిపించిన గొంతు అప్పుడు రాలేదు.

కింద ఏదో కరకరా నలిగింది. సత్తెమ్మ తన బేసిను వెనక చక్రం కింద తోసింది. కారు ఒక్క క్షణం తటపటాయించింది. ఆ క్షణం చాలింది హారికకి. పరిగెత్తుకొచ్చి, తలుపు లాగి, సగం లోపల సగం బయట ఉండగానే బ్రేకు తొక్కేసింది. కారు ఆగింది. గొలుసుకీ మాకూ మధ్య జానెడు లేదని సూరిబాబు తర్వాత చెప్పేడు, అదీ నీళ్ళు తాగేక.

అంతటితో అయిందనుకోకండి. పరీక్ష ఇంకా మిగిలే ఉంది. పంటు మొత్తం ఖాళీ, మేమొక్కళ్ళమే. ముందు తడి ఏటవాలు. ఒడ్డు మీద పంటు ఎక్కడానికి నిలబడ్డ జనమంతా మా వైపే చూస్తున్నారు. హారిక సీట్లో సరిగ్గా కూర్చుని తలుపు వేసుకుంది.

“అమ్మమ్మా, ఏమీ ముట్టుకోకు,” అంది. అంతే అంది.

రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బండి స్టార్టు చేసింది. బల్ల దాటి ఏటవాలు అందుకోగానే ఇంజను గొంతు తగ్గిపోయి, బండంతా వణికింది. కునుకు. ఆగిపోతుందనుకున్నాను. హారిక క్లచ్ మళ్ళీ కాస్త తొక్కి, యాక్సిలరేటర్ పెంచి, తొందరపడకుండా వదిలింది. ఒక్క విసురుతో ఒడ్డెక్కేం.

ప్రసాదు పరిగెత్తుకుంటూ వచ్చేడు. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసింది. నీళ్ళలోకి ఎప్పుడు దిగేడో ఆయనకే తెలీదు. కూతురి తల మీద చెయ్యి వేసేడు. ఈలోగా సత్తెమ్మ అప్పడంలా అయిన బేసిను పట్టుకొచ్చింది. కొత్తది కొనిస్తానని దండం పెట్టేను. “అది సరేగానండి, కర్ర సంగతి సగంలో ఆపేసేరు,” అంది.

ప్రసాదు సూరిబాబు వైపు తిరిగేడు. “టర్బో, మాన్యువలు. ఎర్రదే రాసుకో. అంత కంగారులో కూడా దాని కాలు సరైన చోటే పడింది. ఇంక నాకు భయం లేదు.” హారిక అప్పుడు ఏడ్చింది. నేనూ కళ్ళు తుడుచుకుని, చూసేరా నేను చెప్పలేదా అనబోయేను.

ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు. “చైల్డ్ లాక్ ముందు సీటుకి ఉంటుందా సూరిబాబూ?” అని అడిగేడు.

“లేదండి, వెనక తలుపులకే ఉంటుందండి.”

“అయితే అత్తయ్యగారు వెనక కూర్చుంటారు.”

“ఆయ్,” అన్నాడు సూరిబాబు. రోజంతటిలో మనస్ఫూర్తిగా అన్నది ఆ ఒక్క “ఆయ్” మాత్రమే.

చేతులూరుకోని పిల్లల్ని ఎంతమందిని లేపి వెనక బెంచీకి పంపేనో లెక్కలేదు. అక్కడి నుంచి బోర్డు ఏమీ కనపడదని వాళ్ళు మొత్తుకునేవారు, నేను నమ్మేదాన్ని కాదు. నిజంగానే కనపడదండీ.